చిగుళ్ళ పాకెట్‌లో 28 రోజులు డాక్సీసైక్లిన్: పీఎల్‌జీఏ ఉంచాలా, కైటోసాన్‌కి మారాలా?

ప్రశ్న ఇదీ: విశాఖలో ఎం.ఫార్మసీ రెండో ఏడాది చదువుతున్న ఒకరు డాక్సీసైక్లిన్ హైక్లేట్‌ని (డాక్సీసైక్లిన్ యాంటీబయోటిక్ లవణ రూపం) పీఎల్‌జీఏ 50:50 (లాక్టైడ్, గ్లైకోలైడ్ సమపాళ్ళలో ఉండి శరీరంలో కరిగిపోయే పాలిమర్) మైక్రోస్ఫియర్లలో, అంటే సూక్ష్మ గోళాల్లో పెట్టి, చిగుళ్ళ పాకెట్‌లో (జబ్బుపడిన చిగురుకీ పంటికీ మధ్య ఏర్పడే సందులో) 28 రోజులు నెమ్మదిగా విడుదలయ్యేలా చేయాలనుకుంటున్నారు. వాడిన గ్రేడ్ రెసోమర్ ఆర్‌జీ 502 హెచ్. 200 మి.గ్రా. పాలిమర్‌ని 4 మి.లీ. డైక్లోరోమీథేన్‌లో (ఇకపై డీసీఎం) కరిగించి, మందుని 1 మి.లీ. నీళ్ళలో కలిపి, 1 శాతం పీవీఏలో (చుక్కలు కలిసిపోకుండా ఆపే పాలీవినైల్ ఆల్కహాల్) డబుల్ ఎమల్షన్ చేశారు, అంటే మందు నీళ్ళని పాలిమర్ ద్రావణంలో, దాన్ని మళ్ళీ బయటి నీళ్ళలో చుక్కలుగా విడగొట్టారు. ఎన్‌క్యాప్సులేషన్ (వేసిన మందులో గోళాల్లో చిక్కిన భాగం) 31 శాతమే వచ్చింది. మొదటి 24 గంటల్లో 46 శాతం, పదో రోజుకి దాదాపు మొత్తం మందు బయటికి వచ్చేసింది. "ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్య పొట్టు కావలసినంత దొరుకుతుంది, కైటోసాన్‌కి మారిపో" అని గైడ్ గారు అంటున్నారట (కైటోసాన్ ఆ పొట్టు నుంచి తీసే పాలిమర్). మారాలా, వద్దా?

మారొద్దు. పాలిమర్‌ని కాదు, చేసే పద్ధతిని మార్చండి. నీళ్ళలో బాగా కరిగే చిన్న అణువుని 28 రోజులు పట్టి ఉంచడం కైటోసాన్ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. మీ మందు పోతున్నది పీఎల్‌జీఏ త్వరగా కరిగిపోవడం వల్ల కాదు. గోళాలు గట్టిపడకముందే మందు సగం దారి వరకు నడిచేసింది. గైడ్ గారి మాటలో పనికొచ్చే భాగం ఒకటుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మీరిచ్చిన అంకెల్లో 31, 46 రెండూ ఒకే జబ్బు లక్షణాలు. తయారీలో బయటి నీళ్ళలోకి కారిపోయిన మందు వల్ల ఎన్‌క్యాప్సులేషన్ తగ్గింది. కారుతూ కారుతూ ఉపరితలం దగ్గరే ఆగిపోయిన మందు మొదటి రోజు బర్స్ట్‌గా, అంటే ఒక్కసారిగా, వచ్చింది. కాబట్టి ఒకదాన్ని బాగుచేస్తే రెండోది కూడా కదులుతుంది. ఎన్‌క్యాప్సులేషన్ పెరిగినా బర్స్ట్ తగ్గకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి. అది సాధారణంగా ఆరబెట్టే దశలో ఉంటుంది.

డాక్సీసైక్లిన్‌తో పనిచేసేవారికి ఒక వెసులుబాటు ఉంది: అది పసుపు రంగు. ఎమల్షన్ చేశాక బీకరు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. మొదట పాలలా తెల్లగా ఉన్న ద్రవం నిమిషాలు గడిచేకొద్దీ లేత పసుపెక్కుతుంటే మందు మీ కళ్ళ ముందే వెళ్ళిపోతోందని అర్థం. 2, 5, 10, 30 నిమిషాలకు ఒక్కో మి.లీ. తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీటిని 350 నానోమీటర్ల దగ్గర చదవండి. ఎక్కువ భాగం మొదటి 5 నిమిషాల్లోనే పోయిందంటే లోపం ఎమల్షన్‌లో ఉంది. నెమ్మదిగా 3 గంటలూ పోతూనే ఉంటే లోపం గట్టిపడే దశలో ఉంది. ఏ దశ సరిచేయాలో ఈ చిన్న పరీక్షే చెబుతుంది. నెల రోజుల రిలీజ్ పరీక్ష అయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇక పాలిమర్ సంగతి. పీఎల్‌జీఏలో ఉండేవి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల ఎస్టర్ బంధాలు. శరీరంలోని నీళ్ళే వాటిని తెంపుతాయి, ఎంజైమ్ అవసరం దాదాపు లేదు. సబ్బుబిళ్ళలా పైనుంచి అరగడం ఇందులో జరగదు. నీళ్ళు ముందు గోళమంతా వ్యాపిస్తాయి, తర్వాత లోపలంతా ఒకేసారి బంధాలు తెగుతాయి. గొలుసులు నీళ్ళలో కరిగేంత చిన్నవయ్యాకే బరువు తగ్గడం మొదలవుతుంది. తెగిన ముక్కలు ఆమ్లాలు, ఆ ఆమ్లం ఇంకా బంధాలను తెంపుతుంది. పెద్ద గోళాల మధ్యలో ఈ ఆమ్లం బయటికి పోలేక పేరుకుపోతుంది కాబట్టి పైపొర కంటే నడిమి భాగమే ముందు డొల్ల అవుతుంది. చిన్నవి త్వరగా, పెద్దవి ఆలస్యంగా కరుగుతాయనే మామూలు ఊహ ఇక్కడ తిరగబడవచ్చు.

విడుదల కాలాన్ని లాక్టైడ్–గ్లైకోలైడ్ నిష్పత్తితో మాత్రమే లెక్కేస్తే దెబ్బతింటారు. 50:50 పూర్తిగా పోవడానికి సుమారు 1–2 నెలలు, 75:25కి 4–5 నెలలు, 85:15కి 5–6 నెలలు అని పట్టికల్లో ఉంటుంది. అవి పాలిమర్ క్షీణించే కాలాలు, మందు విడుదలయ్యే కాలాలు కావు. 1989లో అమెరికాలో అనుమతి పొందిన నెలవారీ ఇంజెక్షన్ లూప్రాన్ డిపో 75:25తో చేసినదే. 2003లో అక్కడ అనుమతి వచ్చిన రిస్పెర్డాల్ కాన్‌స్టా ఇంజెక్షన్ కూడా 75:25తోనే చేశారు, కానీ అందులోంచి మొదటి 3 వారాలు మందు దాదాపు రాదు. అందుకే ఆ 3 వారాలు రోగికి మాత్రలు కూడా ఇవ్వాలి. నిష్పత్తి ఒకటే అయినా నడక వేరు. తేడా అణుభారంలో, మందు స్వభావంలో, తయారీలో ఉంది.

మీ 502 హెచ్ అణుభారం 7,000–17,000. గొలుసు చివర ఆమ్లం తెరిచి ఉంటుంది, పేరులోని 'హెచ్' దానికే గుర్తు. చివర ఎస్టర్‌తో మూసిన రకం కంటే ఇది నీళ్ళని త్వరగా పీలుస్తుంది, త్వరగా తెగుతుంది. 28 రోజులకి ఇది చిన్నది. 503 హెచ్ (24,000–38,000) తీసుకోండి. దాంతో మూడో రోజు నుంచి పదో రోజు దాకా విడుదల రేఖ చదునుగా పడుకుంటే, 503 హెచ్ 70 భాగాలు, 502 హెచ్ 30 భాగాలు కలిపి చూడండి. చిన్న గొలుసులు ముందు కరిగి ఆ మధ్య ఖాళీని పూడుస్తాయి. 75:25కి మాత్రం వెళ్ళకండి. పాకెట్‌లో మందు అయిపోయాక కూడా నెలల తరబడి ఖాళీ పాలిమర్ మిగిలిపోతుంది.

మీ ఫార్ములాలో కారే చోట్లు మూడు. మొదటిది పాలిమర్ ద్రావణం పల్చన. 200 మి.గ్రా. 4 మి.లీ.లో అంటే 5 శాతం. అంత పల్చని ద్రావణం నుంచి చాలా డీసీఎం బయటికి పోవాలి. పోయేలోపు మందుకి బోలెడు సమయం దొరుకుతుంది. 20 శాతానికి పెంచండి. రెండోది లోపలి నీరు: 4 మి.లీ. నూనె దశకి (అంటే డీసీఎం ద్రావణానికి) 1 మి.లీ. నీరు చాలా ఎక్కువ. ఆ చుక్కలు ఆరాక ఖాళీలుగా మిగిలి, ఒకదానితో ఒకటి కలిసి బయటిదాకా సొరంగాలవుతాయి. డబుల్ ఎమల్షనే చేయాలనుకుంటే 10 భాగాల నూనె దశకి 1 భాగం నీరు దాటకండి. మూడోది ఉప్పు తూకం. లోపలి నీళ్ళలో మందు లవణం గాఢంగా ఉంది, బయట వట్టి పీవీఏ ఉంది. కాబట్టి బయటి నీళ్ళు లోపలికి దూసుకొచ్చి గోళాన్ని ఉబ్బించి పగలగొడతాయి. బయటి దశలో 1 శాతం సోడియం క్లోరైడ్ వేస్తే ఈ లాగుడు తగ్గి గోళాలు దట్టంగా వస్తాయి.

నా సలహా ఏమిటంటే లోపలి నీళ్ళనే తీసేయండి. హైక్లేట్ డీసీఎంలో కరగదు. కాబట్టి దాన్ని మెత్తని పొడిగానే పాలిమర్ ద్రావణంలో కలిపి నీళ్ళలో ఎమల్షన్ చేయవచ్చు. పని వరస ఇలా ఉంటుంది.

హైక్లేట్‌ని అగేట్ కల్వంలో నూరి మైక్రోస్కోప్ కింద చూడండి. పలుకు 5 మైక్రాన్లు దాటకూడదు. చివరి గోళం వ్యాసంలో పదో వంతు కంటే పెద్ద పలుకు ఉంటే అది పైపొరని చీల్చుకుని బయటికి పొడుచుకొస్తుంది. 400 మి.గ్రా. 503 హెచ్‌ని 2 మి.లీ. డీసీఎంలో గాజు వయల్‌లోనే కరిగించండి. పాలీస్టైరీన్ ట్యూబులు డీసీఎంలో కరిగిపోతాయి. సిరంజి పిస్టన్ రబ్బరు ఉబ్బి మీ నమూనాలో మలినం కలుస్తుంది, అందుకని గాజు సిరంజి వాడండి. నైట్రైల్ గ్లవ్స్‌ని కూడా డీసీఎం నిమిషాల్లో దాటేస్తుంది కాబట్టి మీద పడితే వెంటనే మార్చండి. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి.

కరిగిన పాలిమర్‌లో 40 మి.గ్రా. మందు వేసి, ఐస్‌లో ఉంచి, బాత్ సోనికేటర్‌లో 1 నిమిషం పెట్టండి. పొడి అడుక్కి చేరకముందే 40 మి.లీ. చల్లని బయటి దశలోకి సన్నని ధారగా వదలండి. ఆ దశలో ఉండాల్సినవి 1 శాతం పీవీఏ (87–89 శాతం హైడ్రోలైజ్ అయిన రకం), 1 శాతం ఉప్పు, పీహెచ్ 5.5 వచ్చేలా 10 మిల్లీమోలార్ ఎసిటేట్ బఫర్. పీవీఏని చల్లని నీళ్ళలో చల్లి, తర్వాత 85 డిగ్రీల దాకా వేడిచేసి కరిగించాలి. నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండలు కట్టి ఇక కరగదు.

పీహెచ్ 5.5 ఎందుకంటే, డాక్సీసైక్లిన్ మీద ధన, రుణ ఆవేశాలు దాదాపు సరిసమానంగా ఉండి, అది నీళ్ళలో తక్కువగా కరిగేది ఆ దరిదాపుల్లోనే. కారడం పూర్తిగా ఆగదు, బాగా తగ్గుతుంది. బయటి దశని 40 మి.లీ.కే పరిమితం చేసిందీ ఇందుకే. మందు కరగడానికి దొరికే నీళ్ళు ఎంత తక్కువైతే అంత మంచిది.

స్టిర్రర్‌ని 1,500 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి, 1 నిమిషం తర్వాత ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడండి. 30–80 మైక్రాన్లు కావాలి. చిన్నగా ఉంటే వేగం తగ్గించండి, పెద్దగా ఉంటే పెంచండి. 10 మైక్రాన్ల కంటే చిన్నవాటిని మాక్రోఫేజులు (శరీరంలోని భక్షక కణాలు) మింగేస్తాయి, పైగా వాటికి ఉపరితలం ఎక్కువ కాబట్టి బర్స్ట్ కూడా ఎక్కువే. 2 నిమిషాల తర్వాత మొత్తాన్ని 400 మి.లీ. చల్లని ఉప్పునీళ్ళలో (అదే బఫర్, పీవీఏ లేకుండా) కుమ్మరించండి. డీసీఎం లీటరు నీటికి కనీసం 13 గ్రాములు కరుగుతుంది. మీరు వాడిన 2 మి.లీ. అంటే 2.66 గ్రాములే. 440 మి.లీ.లో మొత్తం కరిగిపోయి గోళం పైపొర త్వరగా బిగుస్తుంది. తర్వాత 3 గంటలు తిప్పుతూ, 10 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకి నెమ్మదిగా తీసుకురండి.

విశాఖ ఎండని తక్కువ అంచనా వేయకండి. డీసీఎం 39.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో ఏసీ లేని ల్యాబ్ 34 డిగ్రీలుంటే అది ఆవిరయ్యేది కాదు, దాదాపు ఉడికేది. బాగా కాగిన నూనెలో పునుగు వేస్తే పైన వెంటనే కరకరలాడి లోపల పచ్చిగా ఉండిపోతుందే, అలాంటిదే ఇక్కడా జరుగుతుంది. పైపొర బిగుసుకుంటుంది, లోపల చిక్కిన డీసీఎం బుడగలై ఆ పొరని చీల్చుకుని వస్తుంది. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోల్లో చంద్రుడి మీది గుంటల్లా కనిపించేవి ఎక్కువగా ఇవే. జనవరిలో బాగా వచ్చిన బ్యాచ్ మేలో చెడితే ఫార్ములాని తిట్టుకోకుండా ముందు బీకరులో థర్మామీటర్ పెట్టండి. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో జాకెట్ బీకరు చల్లబడదు, ఐస్ వేసిన నీళ్ళు తిప్పాలి.

తేమ రెండో శత్రువు. పీఎల్‌జీఏని మైనస్ 20లో దాస్తారు. బయటికి తీసిన వెంటనే మూత తెరిస్తే సముద్రపు గాలిలోని తేమంతా చల్లని పొడి మీద నీటిబొట్లై కూర్చుంటుంది. తర్వాత మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టినా ఆ నీళ్ళు ఎస్టర్ బంధాలను తెంపుతూనే ఉంటాయి. సీసాని మూసే ఉంచి, డెసికేటర్‌లో గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా గంట ఆగి, అప్పుడు తెరవండి. ఇంకా మంచిది, కొత్త సీసా వచ్చిన రోజే 500 మి.గ్రా. చొప్పున చిన్న వయల్స్‌లో పంచేసి, ఒక్కోదాన్ని ఒక్కసారే తెరవడం.

మీ దగ్గరున్న పాలిమర్ ఇంకా బాగుందో లేదో చూడటానికి జీపీసీ (అణుభారం కొలిచే క్రొమటోగ్రఫీ యంత్రం) లేకపోయినా ఫరవాలేదు. క్లోరోఫామ్‌లో 0.1 శాతం ద్రావణం చేసి, 25 డిగ్రీల దగ్గర ఉబ్బెలోడ్ విస్కోమీటర్‌లో కారే సమయం కొలవండి. ద్రావణం సమయాన్ని వట్టి క్లోరోఫామ్ సమయంతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ని గాఢతతో భాగిస్తే ఇన్‌హెరెంట్ స్నిగ్ధత వస్తుంది. గాఢతని డెసిలీటరుకి గ్రాముల్లో తీసుకోండి. 503 హెచ్‌కి అది 0.32–0.44 మధ్య, 502 హెచ్‌కి 0.16–0.24 మధ్య ఉండాలి. 503 అని రాసి ఉన్న సీసాకి 0.25 వస్తే అందులో ఉన్నది 503 కాదు, దాని అవశేషం.

కడగడం, ఆరబెట్టడం. చల్లని పీహెచ్ 5.5 బఫర్‌తో రెండుసార్లు, చల్లని నీళ్ళతో ఒకసారి కడిగితే చాలు. ఐదారుసార్లు కడిగితే బర్స్ట్ తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ మందుని సింక్‌లో పోసినట్టే. 100 మైక్రాన్ల జల్లెడతో పెద్దవాటిని, 20 మైక్రాన్ల జల్లెడతో చిన్నవాటిని వేరుచేసి ఫ్రీజ్ డ్రై చేయండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పొడి పీఎల్‌జీఏ గాజు స్థితి నుంచి మెత్తబడే ఉష్ణోగ్రత సుమారు 45 డిగ్రీలు. తడి ఉన్నంతసేపూ అది 10–15 డిగ్రీలు కిందికి దిగుతుంది. నీళ్ళు పూర్తిగా పోకముందే షెల్ఫ్‌ని 30 డిగ్రీలకి పెంచితే గోళాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, లోపలి మందు నీటితో పాటు పైకి జరుగుతుంది. మొదటి 24 గంటలు సున్నా కంటే కిందే ఉంచి, తర్వాత నెమ్మదిగా 20కి తీసుకురండి. మిగిలిన డీసీఎం 600 పీపీఎం లోపు ఉండాలని ఐసీహెచ్ (మందుల ప్రమాణాల అంతర్జాతీయ మండలి) పరిమితి. గ్యాస్ క్రొమటోగ్రఫీతో చూసుకోండి. అది ఎక్కువుంటే విషం సంగతి అలా ఉంచినా, పాలిమర్ మెత్తబడి రిలీజ్ కూడా మారిపోతుంది.

లోడింగ్ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. 115 మి.గ్రా. హైక్లేట్‌లో ఉండే డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. మాత్రమే. మిగతాది హైడ్రోక్లోరైడ్, ఇథనాల్, నీరు. తూచింది హైక్లేట్‌గా, స్టాండర్డ్ గ్రాఫ్ బేస్‌గా ఉంటే మీ ఎన్‌క్యాప్సులేషన్ ఊరికే 13 శాతం తక్కువ కనిపిస్తుంది. పైన చెప్పిన బ్యాచ్‌కి సిద్ధాంతపరమైన లోడింగ్ హైక్లేట్‌గా 9.1 శాతం, బేస్‌గా 7.9 శాతం. కొలవడానికి 10 మి.గ్రా. గోళాలను 1 మి.లీ. డీసీఎంలో కరిగించి, 10 మి.లీ. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి మందుని లాగి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై పొరని చదవండి. మందు లేని ఖాళీ గోళాలతో అదే పని చేసి ఆ రీడింగ్ తీసేయండి. సిద్ధాంతపరమైన లోడింగ్‌ని 10 శాతం దాటించాలనే ఆశ వద్దు. పలుకులు ఒకదానికొకటి తగిలేంత దగ్గరైతే, ఒకటి కరగగానే పక్కదానికి దారి తెరుస్తుంది.

రిలీజ్ పరీక్ష కూడా మీకు అబద్ధం చెబుతూ ఉండవచ్చు. డాక్సీసైక్లిన్ 37 డిగ్రీల నీళ్ళలో వారాల తరబడి నిలవదు, వెలుతురు తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. పాత మాధ్యమాన్నే ఉంచి అందులోంచి 1 మి.లీ. తీసి 1 మి.లీ. కలిపే పద్ధతిలో, మొదటి వారం విడుదలైన మందు మూడో వారానికి మాయమై రేఖ కిందికి దిగుతుంది. కాబట్టి 20 మి.గ్రా. గోళాలు, 5 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్ సెలైన్ పీహెచ్ 7.4, అందులో 0.02 శాతం ట్వీన్ 20, 0.02 శాతం సోడియం అజైడ్. వయల్‌కి ఫాయిల్ చుట్టి, నెమ్మదిగా ఊపుతూ ఉంచండి. 1, 4, 8, 24 గంటలు, తర్వాత ప్రతి రెండు రోజులకి మొత్తం మాధ్యమం మార్చేయండి. పక్కనే తెలిసిన గాఢతలో వట్టి మందు ఉన్న వయల్ ఒకటి పెట్టి, రెండేసి రోజుల్లో అది ఎంత తగ్గుతోందో చూసి దిద్దుకోండి. అజైడ్ వయల్స్‌లో ఆమ్లం పోయకండి, విషవాయువు వస్తుంది. తీసిన ప్రతి నమూనా పీహెచ్ చూడండి. 7 కంటే దిగిందంటే బఫర్ చాలడం లేదు, మీరు కొలుస్తున్నది మీ సొంత ఆమ్లంలో కరుగుతున్న పాలిమర్‌ని.

గోళాల లోపల ఆమ్లాన్ని తగ్గించడానికి మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలపమని చాలా చోట్ల చదువుతారు. ప్రోటీన్లకి అది మంచి ఉపాయమే. మీ మందుకి మాత్రం వద్దు. టెట్రాసైక్లిన్ జాతి మందులు మెగ్నీషియం, కాల్షియంలని గట్టిగా పట్టుకుంటాయి. రిలీజ్ నెమ్మదించినట్టు కనిపిస్తుంది, ఆ కాంప్లెక్స్‌లో చిక్కినది ఎంత, పనిచేసే మందు ఎంత అన్నది విడిగా తేల్చుకోవాల్సి వస్తుంది.

గణిత నమూనాల మీద ఒక్క మాట. మందు విడుదల తీరుని వర్ణించే కోర్స్‌మేయర్–పెపాస్ సమీకరణాన్ని మొదటి 60 శాతం విడుదలకే వాడాలి. అందులోని ఘాతాంకం n కి గోళాల విషయంలో వ్యాపనం హద్దు 0.43, పలకలకి చెప్పే 0.5 కాదు. బర్స్ట్, చదును, మళ్ళీ ఎక్కుడు ఉన్న రేఖ మొత్తాన్ని ఒకే సమీకరణంలో ఇరికించి ఆర్-స్క్వేర్ 0.98 వచ్చిందని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇప్పుడు కైటోసాన్. అది ఆమ్లంలో కరుగుతుంది, పీహెచ్ 6.5 దాటితే కరగదు, శరీరంలో లైసోజైమ్ అనే ఎంజైమ్ దాన్ని తెంపుతుంది. ట్రైపాలీఫాస్ఫేట్‌తో బిగించిన కైటోసాన్ గోళం నీళ్ళతో నిండిన వల లాంటిది. డాక్సీసైక్లిన్ అంత చిన్న అణువు ఆ వల కంతల్లోంచి గంటల్లోనే, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో దాటిపోతుంది. గ్లూటరాల్డిహైడ్‌తో ఇంకా బిగించవచ్చు కానీ మిగిలిన ఆల్డిహైడ్ చిగుళ్ళ కణాలకి చేటు.

హార్బర్ పొట్టు నుంచి మీరే తీయడం అంటే అది ఇంకో థీసిస్. పొట్టు తాజాగా ఉండాలి, ఎండలో కొన్ని గంటలు పడి ఉన్నది పనికిరాదు. సుమారు 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఖనిజాలు, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో 70–80 డిగ్రీల దగ్గర ప్రోటీన్, ఆ తర్వాత 40–50 శాతం క్షారంలో 100 డిగ్రీల దగ్గర ఎసిటైల్ గుంపులు తీయాలి. ఇంతా చేశాక బూడిద 1 శాతం లోపు ఉందా, డీఎసిటైలేషన్ ఎంత, రొయ్య ప్రోటీన్ మిగిలిందా అన్నీ తేల్చాలి. ఆ ప్రోటీన్ రొయ్యల ఎలర్జీ ఉన్నవాళ్ళకి ప్రమాదం. కైటోసాన్ మీద ధనావేశం ఉంటుంది కాబట్టి రుణావేశమున్న ఎండోటాక్సిన్‌ని (బాక్టీరియా విషాన్ని) అయస్కాంతంలా పట్టుకుంటుంది, కడిగితే పోదు. ఆసక్తి ఉంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ పరిశోధన కేంద్రం విశాఖలోనే ఉంది, ఈ విషయం వాళ్ళని అడగొచ్చు. ఈ ప్రాజెక్టుకి మాత్రం డీఎసిటైలేషన్, స్నిగ్ధత రాసి ఇచ్చే శుద్ధమైన గ్రేడ్ కొనండి.

ఎందుకు కొనాలంటే, గైడ్ గారి మాటలో అసలు విలువ ఇక్కడుంది. లోతైన పాకెట్‌లో చిగుళ్ళ నుంచి ఊరే ద్రవం గంటకి సుమారు 40 సార్లు మారుతుందని లెక్క. అందులో పీఎల్‌జీఏ గోళాలను ఊరికే వదిలితే మందు విడుదలయ్యేలోపే కొట్టుకుపోతాయి. కైటోసాన్ మ్యూకస్‌ని, కణాలను అంటిపెట్టుకుంటుంది. కాబట్టి మందుని పట్టడానికి పీఎల్‌జీఏ, చోటుని పట్టడానికి పైన పల్చని కైటోసాన్ పొర. కడిగిన గోళాలను ఆరబెట్టకముందే 0.25 శాతం కైటోసాన్ (0.5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో, పీహెచ్ 5కి సరిచేసి) ద్రావణంలో 30 నిమిషాలు చల్లగా తిప్పి, రెండుసార్లు కడగండి. జీటా పొటెన్షియల్ (గోళం ఉపరితలం మీది ఆవేశానికి కొలత) రుణం నుంచి ధనానికి మారితే పొర పట్టినట్టు. మారకపోతే ఉపరితలం మీద పీవీఏ ఎక్కువ మిగిలిందని అర్థం, కోటింగ్‌కి ముందు ఇంకోసారి కడగండి. ఆ 30 నిమిషాల్లో కైటోసాన్ ద్రావణంలోకి పోయిన మందుని కొలిచి లెక్కలో చూపండి. చాలా థీసిస్‌లలో "కోటింగ్ వల్ల బర్స్ట్ తగ్గింది" అని రాసేది నిజానికి ఇలా ముందే పోయిన మందు.

28 రోజులు అన్న లక్ష్యాన్ని కూడా ఒకసారి గైడ్ గారితో మాట్లాడండి. చిగుళ్ళ పాకెట్‌ కోసమే వచ్చిన ఆట్రిడాక్స్ (డాక్సీసైక్లిన్, పీఎల్ఏ జెల్, 1998) పనిచేసేది సుమారు 7 రోజులు. ఆరెస్టిన్ (మినోసైక్లిన్, పీఎల్‌జీఏ మైక్రోస్ఫియర్లు, 2001) సుమారు 14 రోజులు. ఒకదానికి నాలుగు రెట్లు, ఇంకోదానికి రెట్టింపు కాలం ఎందుకు కావాలో మీ దగ్గర జవాబు ఉండాలి. చివరి వారంలో మందు గాఢత బాక్టీరియాని ఆపే స్థాయి కంటే తక్కువగా కారుతూ ఉంటే అది నిరోధకతకి దారి వేస్తుంది. 14 రోజులు నిలకడగా ఇచ్చి ఆగిపోయే ఫార్ములా, 28 రోజులు ఈడ్చే ఫార్ములా కంటే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు మీ దగ్గరున్న 502 హెచ్ కూడా వృథా కాదు.

స్టెరిలైజేషన్‌కి ఆటోక్లేవ్ పేరెత్తకండి, అందులోంచి బయటికి వచ్చేది ముద్ద. 25 కిలోగ్రే గామా కిరణాలు వేస్తే అణుభారం పడిపోతుంది, వేయాల్సివస్తే గామా తర్వాతి గోళాలతోనే రిలీజ్ పరీక్ష చేయాలి.

సెమ్ కోసం నమూనాలు బయటి ల్యాబ్‌కి పంపేటప్పుడు థర్మాస్ ఫ్లాస్క్‌లో ఐస్ ప్యాక్, సిలికా జెల్ సంచీతో పంపండి. మే మధ్యాహ్నం ఆపి ఉంచిన కారు డాష్‌బోర్డు మీద 45 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. సీతమ్మధార నుంచి యూనివర్సిటీ చేరేలోపు విడివిడి గోళాలు ఒకే అట్టు కట్టి, ఫొటోలో "ఉండలు కట్టిన బ్యాచ్" అని కనిపిస్తాయి.

కొత్త బ్యాచ్ చేశాక మూడు అంకెలు రాయండి: ఎమల్షన్ మొదలైన 5 నిమిషాలకి బయటి నీళ్ళలో ఉన్న మందు, ఆరిన గోళాలను 5 మి.లీ. చల్లని పీహెచ్ 5.5 బఫర్‌లో 5 నిమిషాలు ఊపితే వచ్చేది, 24 గంటల రిలీజ్. రెండోది ఎక్కువుంటే మందు ఉపరితలం మీద ఉంది, అంటే ఆరబెట్టడం చూడాలి. రెండోది తక్కువై మూడోది ఎక్కువుంటే గోళాల్లో సొరంగాలున్నాయి, అంటే పాలిమర్ గాఢత, ఉష్ణోగ్రత చూడాలి. ఆ అంకెలు, బీకరు ఉష్ణోగ్రత, విస్కోమీటర్ రీడింగ్ కలిపి పెడితే తర్వాత ఏది మార్చాలో ఖచ్చితంగా చెప్పగలను.